గురుని చుట్టు గంధకపు వెలుగు

10 జనవరి 2026, శనివారం, మెట్‌పల్లి

గురుడు ఇయ్యాల సూర్యునికి సరిగ్గా ఎదురుగా ఉన్నడు. పొద్దు గూకంగనే తూర్పున మిథునరాశిలో లేచిండు. డాబా మీద బిడ్డకు బైనాక్యులర్స్ ఇచ్చిన. గురుని పక్కన సూదిమొనలంత చుక్కలు.

"బాపూ, ఇండ్ల అగ్గి కక్కేది ఏది?"

అన్నిటికన్న దగ్గర తిరిగేది, అయో. ఒక్కోసారి గురుని మెరుపులనే కలిసిపోతది అని చెప్పిన. 1979 మార్చిలో వాయేజర్ 1 పంపిన ఫొటోలో దాని అంచున గొడుగులా లేచిన పొగను లిండా మొరబిటో పట్టింది. అదే నౌకలోని అతినీలలోహిత పరికరం ఇంకొకటి చూసింది: అయో తిరిగే దారి పొడుగునా గంధకం, ఆక్సిజన్ అయాన్ల వెలుగు.

12 జనవరి, సోమవారం

పసుపు తవ్వుడు మొదలైంది. కొమ్ములు ఉడకబెట్టే కాడ ఆవిరి లేచి, గాలి ఎటు లాగితే అటు పోతుంటే చాలాసేపు నిలబడి చూసిన. అయో దగ్గర ఆ గాలి పని గురుని అయస్కాంత క్షేత్రం చేస్తది. అగ్నిపర్వతాలు కక్కిన పదార్థం సెకనుకు దాదాపు ఒక టన్ను అయోను విడిచిపోతది. అందులోని పరమాణువుకు ఎలక్ట్రాన్ ఊడిందంటే ఇక అది అయోది కాదు, గురునిది. పది గంటల లోపే ఒక చుట్టు తిరిగే గురుడు దాన్నీ తన వెంట ఈడుస్తడు. అయో సెకనుకు 17 కిలోమీటర్లు పోతుంటే, ప్లాస్మా 74 కిలోమీటర్లతో వెనుక నుంచి వచ్చి దాటిపోతది. ఎలక్ట్రాన్లు తాకినప్పుడల్లా అయాన్లు మెరుస్తయి.

"మరి మనకెందుకు కనవడది?" అన్నది బిడ్డ. అతినీలలోహితాన్ని ఓజోన్ ఆపుతదని క్లాసులో చెప్పి ముందుకు పోతం. ఇక్కడ అది చాలదు. ఈ వెలుగు ఎక్కువగా వంద నానోమీటర్ల లోపుది; అటువంటి కాంతిని మనం పీల్చే ఆక్సిజన్, నైట్రోజన్‌లే మింగుతయి. చూడాలంటే గాలి దాటి పోవాలె.

15 జనవరి, సంక్రాంతి

గాలి దాటి పోయి ఈ వెలుగును చూసిన హిసాకి గురించి రాసిపెట్టుకోవాలె. 2013 సెప్టెంబరు 14న జపాన్ పంపిన చిన్న ఉపగ్రహం. గురుని దాకా పోలేదు; భూమి చుట్టే తిరుక్కుంట 2023 డిసెంబరు దాకా గ్రహాలనే చూసింది. 2015 మొదట్ల అయో సోడియం మేఘం పెరిగినట్టు నేల మీది టెలిస్కోపులకు తెలిసింది. గంధకపు వలయం మారుడు హిసాకికి కనవడ్డది. పక్క నుంచి పోయే నౌకకు ఈ మార్పు దొరకదు. నెలల తరబడి ఒక్కదాన్నే చూసే ఓపిక కావాలె. ఆ ఓపిక మీద నాకు చెప్పలేనంత గౌరవం.

పొద్దున బిడ్డ వాకిట్ల ముగ్గు నడుమ గురుణ్ని వేసి, చుట్టు పసుపుతో వలయం పోసింది. గురుని అయస్కాంత అక్షం ఒరిగి ఉంటది, వలయం గూడ కొంచెం ఒరగాలె అన్న. అరచేత్తో చెరిపి, ఒక పక్క ఎత్తి మళ్ల పోసింది.