కొమ్ము భూమిలోనే ఉంది

శనివారం వచ్చిందంటే నవీపేట్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. మేకల సంతకు చుట్టుపక్కల మండలాల వాళ్లే కాదు, మహారాష్ట్ర వైపు నుంచీ జనం దిగుతారు. ఎండకు కొందరు తలకు రుమాలు చుట్టుకుంటారు, కొందరు టోపీ పెట్టుకుంటారు. అందుకేనేమో, స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఆ కుర్రాడి టోపీని నాలుగేళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. రాత్రి ఎనిమిదింటికి కూడా అది నెత్తిమీదే ఎందుకుందని అడిగినవాళ్లూ లేరు.

అతనికి ముప్పై ఒకటి. ఆరేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు. వెళ్లేటప్పుడు ఒత్తుగా ఉన్న జుట్టు, వచ్చేసరికి నడినెత్తిదాకా వెనక్కి జరిగింది. అక్కడి నీళ్లే కారణమని అందరూ అనుకున్నారు. అతనూ అదే అనుకున్నాడు. గోడమీద ఉన్న తాతయ్య ఫొటోను మాత్రం ఎవరూ సరిగా చూడలేదు. గట్టి నీళ్లకు జుట్టు బరుసెక్కి తెగొచ్చు గానీ, మగవాళ్లలో నుదుటి నుంచి మొదలై నడినెత్తికి పాకే బట్టతలకు ప్రధాన కారణం వంశం, హార్మోన్లు.

మూడు సంబంధాలు వచ్చి వెళ్లాయి. ‘‘పిలగాడు మంచోడే గనీ...’’ అని మొదలైన మాట ప్రతిసారీ అక్కడే ఆగిపోయేది. ఆ ‘గనీ’ తర్వాత ఏముందో అతనికి తెలుసు.

ఆ ఏడాది పసుపు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్లింది. డబ్బు చేతికి రాగానే తండ్రి 80 వేలు లెక్కపెట్టి కొడుకు చేతిలో పెట్టాడు, దుకాణంలోకి సరుకు తెచ్చుకొమ్మని. కొడుకు దానికి తన గల్ఫ్ పొదుపు కలిపాడు. ఏప్రిల్ చివర్లో బావను వెంటబెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. వెళ్లింది మాత్రం సరుకు కోసం కాదు.

*

ఆపరేషన్ ఉదయం మొదలై సాయంత్రం దాకా సాగింది. తల వెనక నుంచి వెంట్రుకల మూలాలను ఒక్కొక్కటిగా తీసి, ముందు భాగంలో చిన్న చిన్న గాట్లు పెట్టి నాటారు. ఒక్కో మూలంలో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకల దాకా ఉంటాయి. డాక్టర్లు దాన్ని గ్రాఫ్ట్ అంటారు. అతనికి రెండున్నర వేలు పెట్టారు. స్పృహలోనే ఉన్నాడు. మత్తు తలకు మాత్రమే.

వెనక జుట్టే ఎందుకు? బట్టతల వచ్చినవాళ్లకు కూడా చెవుల పక్కన, వెనక జుట్టు నిలుస్తుంది కదా! ఆ మూలాలను ఎక్కడ నాటినా తమ పాత గుణాన్నే పట్టుకుని ఉంటాయి. న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే చర్మవైద్యుడు 1952లో బట్టతల మీద ఈ పద్ధతిని మొదలుపెట్టి, 1959లో ఆ ఫలితాలను ప్రచురించాడు. ఇప్పటి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు పునాది అదే.

అతనికి ఈ చరిత్రతో పనిలేదు. రెండు రోజులు లాడ్జిలో కూర్చునే నిద్రపోయాడు. తల ఎత్తులో ఉండాలి, నాటిన చోటు దిండుకు తగలకూడదు అన్నారు. మూడోరోజు సాయంత్రం నవీపేట్ చేరాడు. మెడ నుంచి తీయాల్సిన బనీన్లు మానేసి, గుండీల చొక్కా తొడుక్కున్నాడు. తలమీద వదులుగా ఓ గుడ్డ టోపీ. నేరుగా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున అద్దంలో చూసుకుంటే తన మొహం తనకే తెలియలేదు. నుదురు ఉబ్బి కనుబొమల మీదికి దిగింది. ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది. చాయ్ తెచ్చిన తల్లి గ్లాసు కింద పెట్టేసింది.

‘‘అయ్యో కొడకా... ఎవడు కొట్టిండురా నిన్ను?’’

అబద్ధం అక్కడితో అయిపోయింది. టోపీ తీశాడు. ఎర్రటి చుక్కలు, వాటిమీద చిన్న చిన్న పెచ్చులు. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తండ్రి గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా పొలానికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

బావ ఫోన్ చేస్తే డాక్టర్ తాపీగా చెప్పాడు. మత్తుతోపాటు తలలోకి ఎక్కించిన ద్రవం మెల్లగా కిందికి దిగుతుంది. చాలామందికి మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య నుదురు, కళ్లు వాస్తాయి. వారంలోపు అదే తగ్గుతుంది. తల ఎత్తులో పెట్టి పడుకోవాలి, కిందికి వంగి పనులు చేయకూడదు. ఐసు పెట్టుకోవాలంటే నుదుటికే, నాటిన చోటికి తగలకుండా.

మరి భయపడాల్సింది ఎప్పుడు? నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకూ పెరిగినా, చీము కారినా, జ్వరం వచ్చినా, మెల్లగా అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, చర్మం నల్లబడుతున్నా ఆలస్యం చేయకూడదు. ఫోన్‌తో సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

*

వాపు తగ్గింది. దురద మొదలైంది. పెచ్చులు ఆరే కొద్దీ గోళ్లతో గీరెయ్యాలనిపించేది. రాత్రి నిద్రలో చెయ్యి తలమీదికి పోతుందేమోనని చేతులకు సాక్సులు తొడుక్కుని పడుకున్నాడు. పక్కనే కూర్చున్న తల్లికి తెలిసిన వైద్యం ఒక్కటే.

‘‘ఇంట్ల ఇంత పసుపు పెట్టుకొని గా మంటకు ఊకుంటరా? జెర్ర కొబ్బరినూనెల కలిపి పెడ్త, రెండు రోజుల్ల మానిపోతది.’’

పసుపు పండించే ఇంట్లో పసుపు వద్దని చెప్పడం తేలిక కాదు. కానీ డాక్టర్ గట్టిగా చెప్పాడు. అవి వేల సంఖ్యలో ఉన్న పచ్చి గాట్లు. పొడి, నూనె, కలబంద, ఉల్లిరసం... ఏదీ పడకూడదు. వాటిని రుద్దినా, తర్వాత కడిగి తీసినా నాటిన మూలాలు ఊడే ప్రమాదం ఉంది. ఇచ్చిన సెలైన్ స్ప్రే, రాసిచ్చిన మందులు, అంతే.

తలస్నానం మరో పరీక్ష. బోరు మోటారు పైపు కింద తల పెట్టే అలవాటు అతనిది. ఇప్పుడు పిల్లల షాంపూ నురగను అరచేత్తో మెల్లగా అద్ది, చెంబుతో నీళ్లు ధారగా పోసుకోవాలి. రుద్దకూడదు. తువ్వాలుతో తుడవకూడదు. నీళ్లు పోసే పని తల్లి తీసుకుంది. చిన్నప్పుడు కాళ్లమీద వేసుకుని పోసినంత నెమ్మదిగా పోసింది. పదో రోజుకు పెచ్చులు నానినవి నానినట్టే రాలిపోయాయి. ఆ పాటికి నాటిన మూలాలు చర్మంలో కుదురుకుంటాయి.

పథ్యం సంగతీ వచ్చింది. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, కూర వద్దు అని తల్లి జాబితా చదివింది. డాక్టర్ జాబితాలో అవేవీ లేవు. గుడ్డు, పప్పు, మాంసం గాయం మానడానికి మంచివే. వద్దన్నవి సిగరెట్, మందు. సిగరెట్ రక్తనాళాలను బిగించి నెత్తికి రక్తం సరిగా అందనివ్వదు. బరువులెత్తడం, ఈత, నడినెత్తి ఎండ కొన్ని వారాలు మానాలి. హెల్మెట్ ఒరుసుకుంటుంది గనుక డాక్టర్ సరేననేదాకా బండే ముట్టొద్దు. హెల్మెట్ లేకుండా నడపడం మాత్రం దారి కాదు. నెత్తి మొద్దుబారినట్టు, చెయ్యి పెడితే తనది కానట్టు అనిపించడం కూడా మామూలే. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టినా స్పర్శ తిరిగొస్తుంది.

*

అసలు దెబ్బ మూడో వారంలో తగిలింది. పొద్దున లేచి చూస్తే దిండు గలీబు మీద పొట్టి పొట్టి వెంట్రుకలు. తల తడిపితే అరచేతిలో ఇంకొన్ని. వారం తిరిగేసరికి నాటినవాటిలో చాలామటుకు రాలిపోయాయి. అద్దంలో మళ్లీ అదే పాత తల.

అతను దుకాణం తెరవలేదు. తిండి సయించలేదు. పోయింది జుట్టు కాదు, బాపు పసుపు డబ్బు. తొమ్మిది నెలల చాకిరీ. నాటడం, కలుపు తీయడం, తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబోయడం... అంతా ఆ దిండు గలీబు మీద పోగైనట్టు అనిపించింది. ఆ సాయంత్రం తండ్రి పక్కన మంచం మీద కూర్చుని ఆ మాటే అన్నాడు.

‘‘బాపూ, నీ పైసలు మట్టిల పోసిన.’’

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

‘‘డాక్టర్ ఏమన్నడు?’’

‘‘రాలుతయ్, మల్ల మొలుస్తయ్ అన్నడు. వేరు లోపలే ఉంటదట.’’

‘‘మరింకేంది? పసుపు ఆకు ఎండితే పంట పోయినట్టారా? కొమ్ము భూమిల లేదా?’’

డాక్టర్ చెప్పిందీ అదే, మాటలే వేరు. చోటు మారిన దెబ్బకు మూలం విశ్రాంతిలోకి వెళ్తుంది, పైనున్న వెంట్రుకను వదిలేస్తుంది. రెండో వారం నుంచి రెండో నెల దాకా ఇది చాలామందికి జరుగుతుంది. చుట్టూ ఉన్న పాత జుట్టు కూడా కొంత రాలొచ్చు. మూడు నాలుగు నెలలకు కొత్త వెంట్రుకలు సన్నగా, ఒక్కోసారి వంకరగా మొలుస్తాయి. ఆరు నెలలకు తేడా కనిపిస్తుంది. పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది కావాలి. నడినెత్తికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మొలిచేటప్పుడు అక్కడక్కడా మొటిమలు వస్తాయి, వాటిని గిల్లకూడదు. ఒకవైపు ముందు, ఒకవైపు వెనక మొలిచినా కంగారక్కర్లేదు.

‘‘ఇంకోటి’’ అన్నాడు తండ్రి. ‘‘పైసలు పోతే పోయినయ్. నాకు చెప్పి పోకపోతివి, గదే బాధైంది.’’

*

జూన్‌లో పసుపు విత్తనం పెట్టారు. అదే నెలలో ఒక సంబంధం వచ్చింది. తల మళ్లీ బోడిగా ఉన్న రోజులవి. టోపీ పెట్టుకుని కూర్చోమంది అక్క. అతను పెట్టుకోలేదు. అమ్మాయి తండ్రికి ఆపరేషన్ సంగతి తనే చెప్పాడు. వాళ్లు మర్యాదగా విని, చాయ్ తాగి వెళ్లారు. జాతకాలు కుదరలేదని తర్వాత కబురొచ్చింది. నిజమో కాదో ఇంట్లో ఎవరూ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి రాత్రి ఎనిమిదింటికి దుకాణంలో టోపీ మేకుకు వేలాడుతూ కనిపించేది.

ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయని అతనికి తర్వాత అర్థమైంది. ఇప్పుడు దుకాణానికి వచ్చి గుసగుసగా అడిగే కుర్రాళ్లకు అవే చెబుతాడు. చేసేది ఎవరు? జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇది శిక్షణ పొందిన, రిజిస్టరైన డాక్టర్ల పని. వీడియోలు చూసి నేర్చుకునేది కాదని కూడా అందులో చెప్పారు. అత్యవసరమైతే ఆదుకునే ఏర్పాటు అక్కడ ఉందా? బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రల సంగతి ముందే చెప్పారా? మచ్చలే ఉండవన్న మాట నమ్మొద్దు. తల వెనక చిన్న చుక్కలు మిగులుతాయి. చర్మాన్ని పట్టీలా కోసి తీసే పద్ధతిలో అయితే గీత మిగులుతుంది. వెనక నుంచి తీసిన మూలం అక్కడ మళ్లీ మొలవదు, చుట్టూ ఉన్న జుట్టే దాన్ని కప్పాలి. నాటనిచోట పాత జుట్టు రాలడం కూడా ఆగదు. దానికి మందులు వాడాలా, ఎంతకాలం, వాటితో ఇబ్బందులేమిటి అన్నది డాక్టరే చెప్పాలి.

*

ఆగస్టులో నుదుటి మీద నూగు కనిపించింది. దీపావళికి దువ్వెన కొన్నాడు. జనవరిలో పసుపు ఆకు ఎండి నేలకు ఒరిగేసరికి, అతను పాపిడి తీస్తున్నాడు. గల్ఫ్ వెళ్లకముందున్నంత ఒత్తు కాదు. ఎండలో దగ్గరగా చూస్తే పలచనే. అయినా చాలనుకున్నాడు.

పసుపు తవ్వే రోజు చేనుగట్టు మీద సద్ది విప్పుతూ తల్లి నసిగింది.

‘‘ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యొద్దు. నీ నెత్తి బాగైతే వేములాడ రాజన్నకు నీ తలెంటికలు ఇప్పిస్తనని మొక్కిన.’’

తండ్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. అతను కంగారుగా డాక్టర్‌కు ఫోన్ చేశాడు. అవతల డాక్టరూ నవ్వాడు. ఏడాది దాటాక గుండు చేయించుకోవచ్చు, వేర్లకు ఏమీ కాదు, మళ్లీ వస్తాయి అన్నాడు.

‘‘ఇంకో నాలుగు నెలలు ఆగమన్నడే అమ్మా.’’

‘‘ఆగుదాం తియ్. నేను నీకు నీళ్లు పోసుకుంట ఆగలేదా... రాజన్న ఆగడా?’’

తండ్రి అప్పటికే గడ్డపార అందుకున్నాడు. ఎండిన ఆకులను పక్కకు తోసి, మొదటి దుబ్బును పెకలించి కొడుకు చేతిలో పెట్టాడు. మట్టి దులిపితే కొమ్ములు ఒత్తుగా, పచ్చగా ఉన్నాయి.