ఆకాశరామన్న చెప్పినా వినలేదు!

హత్య జరిగింది. హంతకుడు హాల్లోనే ఉన్నాడు. కానీ అక్కడున్న వాళ్లెవరికీ ముఖాల్లేవు... అన్నీ ముసుగులే!

డిటెక్టివ్ నవల అనుకునేరు. 1792 మార్చి 16 అర్ధరాత్రి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నిజంగా జరిగిన కథ ఇది. క్రైమ్ వార్తలు రాసిన రోజుల నుంచీ నన్ను వదలని కేసు.

ఆ రాత్రి రాయల్ ఒపేరాలో మారువేషాల వేడుక. రాజు మూడో గుస్తావ్‌కు నాటకాలన్నా, వేషాలన్నా ప్రాణం. మన రవీంద్రుడికి 1913లో నోబెల్ ప్రకటించిన స్వీడిష్ అకాడమీని 1786లో స్థాపించింది ఆయనే. ఆయనా ముసుగు వేసుకునే వచ్చాడు. కానీ గుండెల మీద రాజపతకం తళతళలాడుతూనే ఉంది. నల్ల అంగీలు చుట్టుముట్టాయి. వెనక నుంచి పిస్తోలు పేలింది.

వెంటనే తలుపులు మూశారు. పోలీసు అధిపతి లిల్యెన్‌స్పారే ఒక్కొక్కరి చేతా ముసుగు తీయించి, పేరు రాయించుకుని పంపించాడు. హంతకుడూ అలాగే పేరు చెప్పి దర్జాగా వెళ్లిపోయాడు. నేలమీద పడేసిన పిస్తోళ్లు మాత్రం నోరు విప్పాయి! వాటిని తుపాకులు చేసేవాళ్లకు చూపిస్తే, ఒకాయన తాను బాగుచేసి ఇచ్చినవేనని గుర్తుపట్టాడు. మర్నాడే మాజీ కెప్టెన్ యాకబ్ యోహాన్ ఆంకర్‌స్ట్రోమ్ దొరికిపోయాడు. వేలిముద్రల శాస్త్రం లేని రోజుల్లో!

1789లో రాజు ప్రభువుల అధికారాలకు కత్తెర వేశాడన్నదే పగకు అసలు మూలం. గాయం విషమించి మార్చి 29న రాజు కన్నుమూశాడు. ఏప్రిల్ 27న హంతకుడి తల తెగింది.

నన్ను వెంటాడేది ఇదంతా కాదు... ఒక ఉత్తరం. ఆ రాత్రి భోజనాల వేళ రాజు చేతికి ఓ ఆకాశరామన్న ఉత్తరం అందింది. వేడుకకు వెళ్లొద్దని, ప్రాణానికి ముప్పుందని. రాసింది లిల్యెహోర్న్. రాజు అంగరక్షక దళంలో అధికారి, కుట్రదారుల్లో ఒకడు! రాజు చదివాడు. సన్నిహితుడికి చూపించాడు. ఆయన వద్దన్నా వినలేదు.

మా నాన్నగారు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. ‘సంతకం పెట్టే దమ్ము లేనివాడి మాట చెత్తబుట్టకే’ అన్నది ఆయన సిద్ధాంతం. ఊరూపేరూ లేని ఓ కార్డుముక్క వల్ల తోటి గుమాస్తా ఆరు నెలలు సస్పెన్షన్‌లో ఉండి, చివరికి నిర్దోషిగా తేలడం కళ్లారా చూసిన మనిషి. తప్పని ఎలా అనను?

కానీ మా డెస్కుకూ అలాంటివి వస్తుంటాయి. ఓసారి ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ‘మా వీధిలో ఫలానా ఇంట్లో కోడల్ని రోజూ కొడుతున్నారు’... అంతే. సంతకం లేదు. ఎలా పెడుతుంది? తెల్లారితే ఆ ఇంటి పక్కనే బతకాలిగా! మా విలేకరి వెళ్లి ఆరా తీస్తే నిజమేనని తేలింది. పెద్దమనుషులు కలగజేసుకున్నారు. ఆ అమ్మాయి పుట్టింటికి చేరి, మళ్లీ చదువుకుంటోంది.

నాన్నగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అయినా సంతకం పెట్టుంటే బాగుండేదిరా’ అన్నారు.

బాగుండేదే. కానీ అందరికీ అంత ధైర్యం ఉండదు. పేరులేని ఉత్తరాన్ని నమ్మక్కర్లేదు. నమ్మి ఎవరి పరువూ తీయక్కర్లేదు. చింపే ముందు ఒక్కసారి ఆరా తీస్తే చాలు. స్టాక్‌హోమ్‌లో ఆ రాత్రి ప్రాణం తీయాలనుకున్న వాళ్లంతా ముసుగులు వేసుకునే వచ్చారు. నిలబెట్టాలని చూసిన ఒక్క చెయ్యీ ముసుగు చాటుదే!