నలభై దాటాక ఓనమాలు

విద్యకు వయసుతో పనిలేదని అందరమూ అంటాం. అన్నవాళ్ళమే, నలభై దాటినవాడెవడైనా కొత్త పుస్తకం విప్పితే ముసిముసిగా నవ్వుతాం. తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో ఇరవై ఏళ్ళుగా ప్రబంధాలు చెప్పుకుంటున్న నేను కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటానంటే, "ఇప్పుడెందుకండీ?" అంది మా ఆవిడ.

అది తేలిగ్గా తోసిపారేసే ప్రశ్న కాదు. "అందరూ నేర్చుకుంటున్నారు గనక" అనే జవాబు వారం రోజులు కూడా నిలవదు. ఎవరివో జీతాల లెక్కలు వెయ్యమంటే మనసు కిటికీలోంచి బయటికి పోతుంది. మన సొంత పని ఒకటి ఉండాలి.

నాకా పని ఛందస్సులో దొరికింది. పద్యం ఇస్తే గణాలు విడదీసే ప్రోగ్రాము రాద్దామనుకున్నాను. ఆలోచిస్తే రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. మనకు లఘువు, గురువు అని రెండే గుర్తులు. మూడేసి కలిస్తే ఎనిమిది గణాలు. కంప్యూటరుకు తెలిసినవీ రెండే: సున్న, ఒకటి. గురులఘువుల ప్రస్తారం వేసే పద్ధతి మన పింగళుడు ఏనాడో చెప్పాడు. పరాయి ఊరనుకుని వెళితే మేనమామ ఇల్లు కనబడ్డట్టయింది.

నేను ఎంచుకున్న భాష పైథాన్. 1991లో గైడో వాన్ రోసమ్ లోకానికి అందించాడు. పేరు చూసి కొండచిలువ కాబోలు అనుకుంటాం గానీ, అది ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం పేరులోంచి వచ్చిందట.

మొదటి రోజే పేచీ వచ్చింది. "స్త్రీ" అన్న మాటలో ఎన్ని అక్షరాలని అడిగితే ఆరు అంది! బళ్ళో పిల్లవాడైనా ఒకటే అంటాడు. అదేమో సకారం, పొల్లు, తకారం, మళ్ళీ పొల్లు, రకారం, గుడిదీర్ఘం అని విడివిడిగా లెక్కపెట్టింది. యూనికోడ్‌లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య మరి. ఆ ఆరింటినీ ఒకటి చెయ్యడానికి నాకు అయిదు ఉదయాలు పట్టింది. ఆ అయిదు రోజులూ గడియారం వైపు చూస్తే ఒట్టు.

ఏకాగ్రతకు నేను చేసిన తపస్సేమీ లేదు. తెల్లవారుజామున ముప్పావుగంట. ఫోను వంటింట్లో పప్పుడబ్బాల వెనక. ముందు కాగితం మీద తెలుగులో రాసుకోవడం, తరవాతే కంప్యూటరు. రోజుకు ఒకే నియమం: ఒకనాడు దీర్ఘం, ఒకనాడు సున్న, ఒకనాడు సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం. లేచేముందు మర్నాటి పని ఒక్క వాక్యంలో రాసి పెట్టేవాణ్ణి. పొద్దున్నే "ఏం చెయ్యను?" అనే బెడద తప్పింది. ఉత్పలమాల పాదంలోని 20 అక్షరాలు భ ర న భ భ ర వ అని వరసగా విడిపోయిన ఉదయం, కాఫీ చల్లారిపోయినా తెలియలేదు.

తెలుగు చదువుకు ఈ రోజుల్లో ఏం విలువని పెళ్ళిళ్ళలో అడిగేవారుంటారు. వినీ వినీ నాకూ లోపల ఒక భయం ఉండేది. అయితే సంయుక్తాక్షరం ముందున్న అక్షరం అన్నిచోట్లా గురువు కాదు. ఊది పలికామా, తేల్చి పలికామా అన్నది చూడాలి. ఆ సంగతి యంత్రానికి దానంతట అది తెలియదు. చెప్పవలసినవాడు పద్యం చదవడం వచ్చినవాడే. ఆ భయం అక్కడ పోయింది.

మా డిగ్రీ క్లాసులో కంప్యూటరంటే ప్రాణం పెట్టే కుర్రాడొకడున్నాడు; ఛందస్సంటే ఆమడదూరం. ప్రోగ్రాము చూసి, "మాస్టారూ, కందానికెప్పుడు రాస్తారు?" అన్నాడు.

"నియమాలు నువ్వు చెప్పు, ఇద్దరం రాద్దాం" అన్నాను.

మర్నాడు నోటుబుక్కు తెచ్చాడు. బేసిగణాల్లో జగణం రాకూడదనీ, ఆరోగణం నలమో జగణమో కావాలనీ, ఎవరూ అడగకుండానే రాసుకొచ్చాడు.