లేని డిస్కు, ఉన్న దోషము

మన యిండ్లలో యంత్రము మొరాయించినప్పుడు జరుగు తంతు చదువరు లెరుగనిది కాదు. తెరమీద నేదో మాట కనబడును. దానిని చదువువా రుండరు. "పాడైనది" అని యొకరందురు, "ఎవరు ముట్టుకొన్నారు?" అని వేఱొకరు గద్దింతురు. ముట్టుకొన్నది ఆ యింటి స్త్రీయే యని తరచుగా తేల్చబడును. పిమ్మట బాగుచేయువాడు వచ్చువఱకు యంత్రముపై గుడ్డ కప్పియుంచుదురు. కారణము విచారింపకయే దగ్గఱనున్నవారిపై దోషము మోపు నీ యలవాటు మనకు యంత్రములకంటె పాతది.

మా పెదతల్లిగారు 2004 మొదలు కొన్ని సంవత్సరములపాటు తమ జీవితమును గూర్చి ముప్పదికి పైగా ప్రకరణములు వ్రాసి కంప్యూటరున దాచుకొనిరి. పదునెనిమిదవ యేట వైధవ్యము ప్రాప్తించిన పిదప పరీక్షలకు కట్టి యుపాధ్యాయిని యయిన విధము వానియందు గలదు. ఆ కాలమున అచ్చుపనివారు వాడుచుండిన తెలుగు లిపులలో పెక్కు యూనికోడు పద్ధతివి కావు; ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు తునుకలను కూర్చినవి. క్రొత్త కంప్యూటరున తెఱచి చూడగా ప్రకరణములన్నియు నర్థములేని రోమను గీతలయ్యెను. వారు వాడిన లిపిసాధనము విండోస్ ఎక్స్.పి. మీద దప్ప నెక్కలేదు. పాత యంత్రమా, కాలము చేసినది. "పోనిండు, మరల చెప్పి వ్రాయించుకొనవచ్చును" అని యింటివారనిరి. ఎనుబది యేండ్లు దాటినవారితో ననదగిన మాటయా యిది?

అందుచే వర్చువల్ మెషీను అనబడు కల్పితయంత్రము నాశ్రయించితిమి. యంత్రములో యంత్రమను నీ తలంపు క్రొత్తది కాదు, ఐ.బి.ఎం. సంస్థవారు 1972లోనే తమ పెద్ద కంప్యూటరుల కిట్టి యేర్పాటును వి.ఎం./370 అను పేర ప్రకటించిరి. నేడు వర్చువల్‌బాక్స్ వంటి సాధనములు గృహస్థులకు నుచితముగనే లభించుచున్నవి. లోపల నెక్కించిన ఆపరేటింగ్ సిస్టము తనకొక హార్డుడిస్కు గలదని నమ్మును. నిజమున కది వెలుపలి డిస్కుమీద నున్న యొక ఫైలు. ఈ యొక్క సంగతి మనసున నుంచుకొన్నచో డిస్కు దోషములలో సగము తేటపడును. ఫైలు అరుగదు, తిరుగుట మానదు. లోపలి సిస్టము మొఱపెట్టినప్పుడు తన కంటికి కనబడినంతయే చెప్పుచున్నది. కారణము తఱచుగా దాని చూపునకు వెలుపల నుండును.

మా మేనల్లుడు యంత్రమును సిద్ధపఱచి, ఇంటనున్న పాత ఎక్స్.పి. సి.డి.ని పెట్టెను. కొంత నడచి, హార్డుడిస్కు ఏదియు కానరాలేదని చెప్పి స్థాపన ఆగిపోయెను. అతడు మూడుమార్లు మొదటినుండి చేసెను. మూడుమార్లు నదియే మాట. అర్థము తెలియని మంత్రమును మఱింత గట్టిగా జపించిన ఫలించునని యాశించుటకును దీనికిని భేదమేమి? ప్రక్కన గూర్చుండి చూచుచున్న పెదతల్లిగారు, "నాయనా, అది డిస్కు చెడినదనుట లేదు, కనబడలే దనుచున్నది. రెండును ఒకటేనా?" అని యడిగిరి.

"కాదు, అమ్మమ్మా" అని యతడు వెనుకకు పోయి చూచెను. కల్పితయంత్రమును చేయునప్పుడు లోపలికి రాబోవునది విండోస్ 10 అని వ్రాయబడియున్నది. అందుచే సాధనము డిస్కును సాటా నియంత్రకము క్రింద తగిలించినది. 2001 నాటి ఎక్స్.పి. సి.డి.లో దానితో మాటలాడగల డ్రైవరు లేదు. యంత్రము నాపి, స్టోరేజి అను చోట ఐ.డి.ఇ. నియంత్రకమును చేర్చి యదే ఫైలును దాని క్రింద తగిలింపగా డిస్కు కనబడెను. ఈ మార్పు స్థాపనకు ముందే చేయవలెను; ఐ.డి.ఇ. క్రింద నెక్కిన ఎక్స్.పి.ని పిదప ఊరక సాటాకు మార్చినచో నీలితెర చూపి నిలిచిపోవును. క్రొత్త విండోసునకును నిట్టి చిక్కు కలదు: లినక్సు మీది కె.వి.ఎం.లో డిస్కును వర్టియో పద్ధతిని తగిలించినవారు స్థాపనవేళనే దాని డ్రైవరును వేఱుగ నందీయనిచో, అచ్చటను డిస్కు కనబడదు.

తరువాత ఫైళ్ల ప్రతులు తీయుటలో నొకచో నాగెను. అది సి.డి. మీది గీతల ఫలము; వేఱొక డ్రైవున దానిని చదివించి ప్రతిబింబ ఫైలు చేసికొనగా తీరినది.

మూడవ చిక్కు విచిత్రమైనది. స్థాపన ముగియవచ్చుచుండగా యంత్రమంతయు నిలిచి, డిస్కున చోటు లేదనెను. లోపల జూడగా నలుబది గిగాబైట్ల డిస్కు, ముప్పాతిక ఖాళీ! కాని యా నలుబదియు కాగితముమీది యెకరములవంటివి. ఇట్టి డిస్కు ఫైలు అవసరముకొలది పెరుగునట్లు చేయబడును. అది పెరుగుటకు వెలుపలి డిస్కున నొక గిగాబైటైనను మిగిలియుండలేదు. ఆ చోటును మ్రింగినవి మా బంధువుల యింటి మూడునాళ్ల పెండ్లి వీడియోలు. పెండ్లినాటి వ్యయమునకు అప్పు తీర్చుచున్నవా రింకను నున్నారు. ఆ వీడియోలను మరల జూచినవారు మాత్రము మా యెఱుకలో లేరు. వానిని వేఱు డిస్కునకు తరలించి, నిలిచిన యంత్రమును మరల నడపగా నాగినచోటినుండియే సాగెను.

ఇచ్చట మా సోదరీమణులకొక మాట. "ఫార్మాటు చేయుదువా?" అని లోపలి సిస్టము అడిగినప్పుడు మా యింట నందఱును గుండె పట్టుకొనిరి. నిజమైన డిస్కును తామే కోరి లోని కప్పగింపనంతవఱకు అచ్చట తుడిచిపెట్టబడునది యా ఫైలు మాత్రమే. వెలుపలి ఫొటోలకు, లెక్కలకు హాని లేదు. చెడినచో ఫైలు తీసివేసి మరల మొదలిడవచ్చును. ముట్టుకొనవలదని పెంచబడినవారికి నేర్చుకొనుట కింతకంటె నిర్భయమైన చోటు మే మెఱుగము.

ఎక్స్.పి.కి రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8తో నిలిచినవి గావున దానికి ఇంటర్నెట్టు తగిలింపలేదు. ప్రకరణములను కూడ సి.డి. ప్రతిబింబముగా చేసియే లోని కిచ్చితిమి. అవి తెలుగున తెఱచుకొనినవి. పెదతల్లిగారిప్పుడు ప్రొద్దుట నొక గంట కూర్చుండి, ఒక కిటికీలో పాతది చదువుచు, ప్రక్క కిటికీలో యూనికోడున తామే మరల వ్రాయుచున్నారు. ఆఱవ ప్రకరణమువద్ద రెండు దినములుగా నాగిరి. పరీక్షకు కట్టనీయని బావగారిని నాడు మెత్తగా వ్రాసితినని, ఇప్పుడున్న దున్నట్లు వ్రాయవలెనని వారి పట్టు.