నీలిరంగు ఎక్కడ దాక్కుంది?

పిల్లలూ! పత్తి అంటే ఆదోని, మగ్గమంటే ఎమ్మిగనూరు అని కర్నూలు జిల్లాలో చిన్నవాళ్లకు కూడా తెలుసు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదు వచ్చింది. అయితే నేత ఎంత బాగున్నా, ఒక్క ఉతుకుకే రంగు వెలిసిపోతే ఆ బట్టను మళ్లీ ఎవరు కొంటారు? నేతగాని కష్టమంతా నీళ్లపాలే గదా! అందుకే రంగు నిలిచే కిటుకు మీకు చెప్పాలని నా కోరిక.

నీలిమందు నీటిలో కరగదు. కరగని రంగు నూలులోకి దూరదు. మరి ఎట్లా? ఎమ్మిగనూరులో ఒక అద్దకంపని పెద్దాయన తొట్టిలోంచి నూలు చిలపను పైకి తీస్తే, అది పసుపుపచ్చగా ఉంది!

"నీలి ఏదీ, పెద్దాయనా?" అని అడిగాను.

"గాలి తగలనీ సామీ, అదే వస్తుంది" అన్నాడాయన.

చూస్తూండగానే చిలప ఆకుపచ్చనై, ఆ తరువాత నీలమైంది.

ఇందులో గారడీ ఏమీ లేదు. తొట్టిలో కాస్టిక్ సోడాతోపాటు హైడ్రోసల్ఫైటు అనే మందు ఉంటుంది. అది తన ఎలక్ట్రాన్లను నీలిమందుకు ఇచ్చేస్తుంది. వాటిని పుచ్చుకున్న నీలిమందు రంగు మారి, కరిగి, నూలులోకి దూరుతుంది. ఎలక్ట్రాన్లు ఇవ్వడం ఆక్సీకరణం, పుచ్చుకోవడం క్షయకరణం. చిలప బయటికి రాగానే గాలిలోని ఆక్సిజను ఆ ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. నీలి మళ్లీ కరగని నీలిగా మారి, పోగుల లోపలే చిక్కుకుపోతుంది. తొట్టిలో మందు చాలకపోతే మటుకు రంగు పైపైనే నిలిచి, చేతికి అంటుతుంది.

పూర్వం ఈ మందు లేదు. సున్నం, తగిరిస గింజలు వేసి పులియబెట్టేవారు. కంటికి కనబడని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెట్టేవి.

ఆదోని పత్తి మార్కెట్టులో కొనేవాడు లేనిదే అమ్మకం జరగదు గదా! అట్లాగే పుచ్చుకునేది లేనిదే ఇచ్చేది ఉండదు. ఆక్సీకరణం, క్షయకరణం ఎప్పుడూ జంటగానే జరుగుతాయి.

టార్చిలైటు సెల్లులోనూ ఇదే బేరం. జింకు డబ్బా ఎలక్ట్రాన్లనిస్తుంది. లోపలి మాంగనీసు డయాక్సైడు పుచ్చుకుంటుంది. కాని అవి నేరుగా చేతులు మారవు, బల్బు మీదుగా పోవాలి. ఆ దారిలో మనకు వెలుగు దొరుకుతుంది.

మీ ఇంట్లో తుప్పుపట్టిన మేకు ఒకటి వెతకండి. అక్కడ ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు? మీ నాన్నగారిని అడిగే ముందు మీరే ఆలోచించి చెప్పండి చూద్దాం!