మైకు పాడవలేదు

ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఉదయం అసెంబ్లీలో వినిపించడానికి ఆయన గురించి రెండు నిమిషాలు రికార్డు చేసి తెమ్మని టీచరుగారు మాకు చెప్పారు. మా తరగతిలో తెలుగువాళ్ళం ముగ్గురమే. ముగ్గురం నాన్నల బదిలీలతో తలో ఊరి నుంచీ ఢిల్లీ చేరినవాళ్ళం.

ఆదివారం రామకృష్ణాపురం క్వార్టరులో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మైకు నోటికి ఆనించినట్టు పెట్టుకుని చదివాం. "పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి..." తిరిగి వింటే ప వచ్చిన ప్రతిచోటా టప్, టప్! "భాష" అన్నచోట మరీ పెద్దగా వినిపించింది. మైకు పాడైందనుకున్నాం.

మాలో ఒకరి తాతయ్య ఊరి నుంచి వచ్చి ఉన్నారు. ఇప్పుడు ఆయన ముగ్గురికీ తాతయ్యే. "మైకుకేం కాలేదర్రా. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ప అనండి" అన్నారు. అన్నాం. చేతికి గాలి తగిలింది. మ అంటే తగల్లేదు. ప, బ, భ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, వాటి వెనక గాలి నిండుతుంది, తెరవగానే ఒక్కసారి బయటికి దూకుతుంది. మైకు లోపల పల్చని పొర ఉంటుంది. మాటకు అది సన్నగా వణుకుతుంది. గాలి నేరుగా కొడితే ఒక్కసారిగా ఊగిపోతుంది. ఆ టప్ అదే.

మైకును జానెడు దూరం జరిపి, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా పెట్టాం. గాలి తిన్నగా పోతుంది, మాట మాత్రం అన్నివైపులా వినిపిస్తుంది కదా! అమ్మ ఎంబ్రాయిడరీ చట్రానికి పాత నైలాను మేజోడు బిగించి, మైకుకు నాలుగు వేళ్ళ ఎడంగా అడ్డు పెట్టాం. గాలి ఆ గుడ్డలో నెమ్మదిస్తుంది, మాట దాటిపోతుంది.

చప్పుడు చాలా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. తాతయ్య మళ్ళీ విని నవ్వారు. "పాఠాలు అనడం లేదు మీరు, ఫాఠాలు అంటున్నారు." నిజమే! హిందీలో పల్, ఫల్ తేడా మాకు బాగా తెలుసు. తెలుగు చదివేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో పెన్ అన్నట్టు ఊది పలుకుతున్నాం. ప అల్పప్రాణం, దానికి ఊపిరి కొంచెం చాలు. ఫ, భ మహాప్రాణాలు, వాటికి ఎక్కువ కావాలి. నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని, ప అన్నప్పుడు అది ఎక్కువ కదలకుండా సాయంత్రం దాకా అభ్యాసం చేశాం.

విరామంలో తాతయ్య తన చిన్ననాటి రేడియో సంగతి చెప్పారు. పొద్దున్నే ఏడిద గోపాలరావు గారి గొంతు ఊరంతా వినిపించేదట. ఆ తెలుగు వార్తలు వచ్చింది ఢిల్లీ నుంచేనట! పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనం మీదుగా ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాం, ఎప్పుడూ తెలియలేదు. ఇంత దూరాన ఉండి కూడా తెలుగు అంత స్పష్టంగా పలకవచ్చన్నమాట.

అసెంబ్లీలో మా రికార్డింగు చక్కగా వినిపించింది. ఆ వారమే మాలో ఒకరి నాన్నగారికి జోధ్‌పూర్ బదిలీ అయింది. కొత్త బడిలో తెలుగువాళ్ళు ఉంటారో లేదో! మేజోడు బిగించిన చట్రాన్ని వాళ్ళ సామానులోనే పెట్టి పంపాం. ప్రతి ఆదివారం ఒక పేజీ తెలుగు చదివి, రికార్డు చేసి ఒకరికొకరం పంపుకోవాలని ఒప్పందం. మొదటిది నిన్ననే వచ్చింది. ముగ్గురి తాతయ్యా చెవి దగ్గర పెట్టుకుని విని, "ప సరిగ్గా పలికింది" అన్నారు.