గీత చెదరని బొమ్మ

సినిమా అంటే హాల్లో ఆడే మూడు గంటల బొమ్మ ఒక్కటే కాదండీ! హాలు బయట నిలబెట్టిన నలభై అడుగుల కటౌట్ కూడా సినిమాయే. చేతిలో ఇమిడే స్టిల్ మీద సన్నగా గళ్ళు గీసి, అన్నే గళ్ళు ప్లైవుడ్ మీద పెద్దగా గీసి, గడికి గడి లెక్కన హీరోగారి మీసాన్ని గజం పొడుగు చేసిన పెయింటర్లు మనకుండేవారు. ఎంత పెంచినా బొమ్మ చెదిరేది కాదు. ఎందుకంటే వాళ్ళు పెంచింది ఫోటోని కాదు, గీతని!

ఆ కిటుకే ఇప్పుడు నా కంప్యూటర్‌కి నేర్పుతున్నాను. నేనుండేది పుప్పాలగూడలో. ఓ పక్క గుట్టల రాళ్ళు, మరో పక్క అద్దాల మేడలు. ఇరుగుపొరుగంతా సాఫ్ట్‌వేర్, నాది సినిమా టైటిళ్ళ డిజైన్ పని. మా బాబాయి ఒకప్పుడు బ్రష్షు పట్టిన మనిషి. 1967లో వచ్చిన బాపుగారి ‘సాక్షి’తో పబ్లిసిటీ రంగంలో అడుగుపెట్టిన ఈశ్వర్‌గారి అక్షరాలు చూసి చెయ్యి తిప్పుకున్న తరం. ఆయన రాసిన బ్యానర్లలో మిగిలింది ఒకే ఒక్క గుడ్డముక్క. దానిమీద రంగు పెచ్చులూడుతోంది. చెయ్యి వణుకుతోంది గనక ఆయన మళ్ళీ రాయలేరు. ఆ అక్షరాలు దక్కాలనే నా తాపత్రయం.

“ఫోటో తీశావు కదరా, ఇంకేం కావాలి?” అన్నారాయన.

తమాషా అంతా అక్కడే వుంది! నేను తీసింది ‘రా’ ఫైలు. అంటే వండని బియ్యమన్నమాట. మామూలు జెపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. 14 బిట్ల ‘రా’లో 16,384. వెలిసిన ఎరుపుకీ, మాసిన గుడ్డకీ తేడా పట్టాలంటే ఆ మెట్లు కావాలి. అయినా అదీ చుక్కల ముగ్గే. హోర్డింగంత పెంచితే చుక్కలు బయటపడతాయి. ఎస్.వి.జి.లో చుక్కలుండవు. ‘ఇక్కడ మొదలెట్టు, ఇలా వంగు, అక్కడ ఆగు’ అనే ఆజ్ఞలుంటాయి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2001 సెప్టెంబరులో దాన్ని ప్రమాణంగా ఖాయం చేసింది. అందులోని వంపులకి రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియెర్ బెజియే పేరుంది. కార్ల ఒంపుల కోసం వాడిన లెక్క మన ‘శ్రీ’కి పనికొచ్చింది చూశారా!

ఓ షాపతను ఐదు నిముషాల్లో ‘మార్చి’ ఇచ్చాడు. విప్పి చూద్దును గదా, బుగ్గన పుట్టుమచ్చ అతికించుకుని మారువేషం వేసిన హీరోలాగా లోపల నా ఫోటోయే వుంది! పెంచగానే మసక.

అసలు దారి వేరు. ముందు ‘రా’ని డెవలప్ చేసి టిఫ్‌గా దాచాలి. దాన్ని నలుపు తెలుపు చెయ్యాలి. ఇంక్‌స్కేప్ లాంటి ప్రోగ్రాంలో అంచుల వెంట గీత లాగించాలి. ఆపైన అక్కర్లేని బిందువుల్ని ఏరిపారెయ్యాలి. మొహాలకి మాత్రం ఈ వైద్యం పనికిరాదు. హీరోయిన్ బుగ్గమీది వెలుగునీడలు వందల ముక్కలై దేశపటంలా తయారవుతాయి. ఇది అక్షరాలకే!

బాబాయి రాసిన ‘మ’ చివర కొమ్ము దగ్గర బ్రష్షు కాస్త జారింది. ప్రోగ్రాం దాన్ని నున్నగా దిద్దేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. నున్నటిదాన్ని చాలాసేపు చూసి, “ఇదెవరు రాశార్రా?” అన్నారు.

ఇంకేం చెప్పను! ప్రోగ్రాం పనితనాన్ని పక్కనపెట్టి, ఆ జారుడంతా వచ్చేలా బిందువు బిందువూ చేత్తోనే పెట్టాను. మూడు రాత్రులు పట్టింది.

ఆ గుడ్డమీద వున్నవి పదకొండే అక్షరాలు. మిగతావి కంప్యూటర్ చేత ఊహింపజేస్తే పూర్తి వర్ణమాల తయారవుతుంది గదా అంటున్నారు మిత్రులు. అవుతుంది. కానీ ఆయన రాయని ‘ఖ’ని ఆయన పేరుమీద పుట్టించడానికి నాకు మనసొప్పడం లేదు. పదకొండు చాలు. ఆ పదకొండుతో కుదిరే టైటిల్ ఎవరైనా పెడితే చెప్పండి, ఎంత హోర్డింగుకైనా పెంచి ఇస్తాను!